సీసాలో గులాబీ నీళ్లు

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ, మధ్యాహ్నపు కునుకు మానుకుని వచ్చిన పెన్షనర్ మిత్రులకూ నమస్కారం. ఇవాళ డిసెంబర్ 9, అవినీతి వ్యతిరేక దినం. కార్యదర్శిగారు పది నిమిషాలన్నారు. రెండు శాలువాలకే పోయాయి.

నాకిచ్చిన అంశం ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, పనితీరు. చరిత్ర టూకీగా చెప్పేస్తాను. మన ఏసీబీ ప్రత్యేక శాఖగా 1961 జనవరిలో మొదలైంది. అవినీతి నివారణ మీద వేసిన సంతానం కమిటీ చెప్పాక 1964లో కేంద్రంలో విజిలెన్స్ కమిషన్ వచ్చింది. మిగతాది మీకిచ్చిన కరపత్రంలో ఉంది, ఇంటికెళ్లి చదువుకోండి.

నేను ఒక ట్రాప్‌లో, అంటే లంచం తీసుకుంటుండగా వలపన్ని పట్టుకోవడంలో, మధ్యవర్తిని. అంటే సాక్షిని. మా ఆఫీసు నుంచి ఇద్దరిని పంపమంటే, కాదనలేనివాణ్ణని నన్ను పంపారు. ఫిర్యాదుదారు ఒక రైతు. పాసుపుస్తకం కోసం అడిగిన డబ్బు తనే తెచ్చాడు. ఒక్కో నోటు నంబరూ నేనే చదివాను, పొడి రాశారు. 'వాళ్లు అడిగితేనే ఇవ్వాలి, తీసుకోగానే తువ్వాలుతో మొహం తుడుచుకో' అన్నారు. తుడుచుకున్నాడు. ఆ పొడి అంటిన ఉద్యోగి వేళ్లు వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో ముంచితే, మంచినీళ్లలా ఉన్నవి గులాబీ రంగుకు తిరిగాయి. సీసాలో పోసి సీలు వేశారు. సంతకం నాదే.

మేం జీపెక్కుతుంటే రైతు నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు: "సారూ, మరి నా పాసుబుక్కు?"

ఫైలు సాక్ష్యం కింద జప్తయింది! కొత్తగా వచ్చినాయన 'ఫైలు ఏసీబీ వాళ్ల దగ్గరుంది, వాళ్లనే అడుగు' అనేవాడట. రైతుకు వెనకాల 'పట్టించినోడు' అని పేరు. కోర్టు పిలుపు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. బోనెక్కి రైతు 'నాకేం గుర్తులేదయ్యా' అన్నాడు. అమ్ముడుపోయాడన్నారు. నేనూ అన్నాను. కాదు, అప్పటికీ ఆయనకు పాసుపుస్తకం రాలేదు.

ఫిర్యాదుదారు మాట మార్చినా, చనిపోయినా, వేరే సాక్ష్యాలతో లంచం అడిగినట్టు రుజువు చేయొచ్చని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. సంతోషం. కేసు నిలబడుతుంది. మరి పాసుబుక్కు?

ఇంకోటి. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా చెప్పుకుంటే మినహాయింపు. ఏడు రోజులు! అందుకే ఏసీబీ ఫోన్ నంబరు 1064 గోడ మీద రాయిస్తారు, మంచిదే. ఫోన్ చేశాక ఆ మనిషి పని ఎవరు చేసిపెడతారో కూడా దాని కిందే రాయించండి.

గంట కొట్టారు, విన్నాను. ఒక్క మాట. మీలో తహసీల్దార్లుగా చేసినవాళ్లున్నారు, పిల్లలు ఇప్పుడు అవే కుర్చీల్లో ఉన్నారు. ట్రాప్ జరిగిన ఆఫీసుకు ఎవరైనా బదిలీ మీద వెళితే, మొదటిరోజే ఆ ఫిర్యాదుదారు ఫైలు నకళ్లు తెప్పించమనండి. నకళ్ల మీద పని చేయొచ్చు. నేను ఆ రోజు ఆ మాట అనాల్సింది. జీపెక్కేశాను.