కన్నీళ్లు అచ్చయ్యాయి, కూలి రేటు అచ్చు కాలేదు

(శ్రీకాకుళంలో గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక జర్నలిజం విద్యార్థిని చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షత వహిస్తున్న మాస్టారికి, వేదిక మీద ఉన్న గ్రంథాలయ అధికారులకు, నాకు పాఠం చెప్పిన గురువులకు, నాతో చదువుకుంటున్న మిత్రులకు, పలాస నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మా అమ్మకు, అమ్మతో పాటు పని మానుకుని వచ్చిన పిన్నమ్మలకు పేరుపేరునా నమస్కారాలు. పని మానుకుని అని ఊరికే అనలేదు. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఒక పూట మానేస్తే ఆ పూట కూలి ఉండదు. ఈ మధ్యాహ్నం నా మాటలు వినడానికి వాళ్లు డబ్బు పోగొట్టుకుని వచ్చారు. అందుకని నాకు ఇచ్చిన సమయాన్ని జాగ్రత్తగా వాడుకుంటాను.

నాకిచ్చిన అంశం ‘పుస్తక పఠనం, ప్రయోజనాలు’. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాలలో చిన్నప్పటి నుంచి ఈ అంశం మీద వ్యాసరచన పోటీలు రాస్తూనే ఉన్నాను. మనోవికాసం, విజ్ఞానం, వినోదం అన్నీ నిజమే. ఈసారి మాత్రం నన్ను వేరేగా మాట్లాడనివ్వండి. ఈ మధ్య నేను చదువుతున్నది పేదరికం గురించి, నేర్చుకుంటున్నది ఫీచర్ రాయడం. ఈ రెండూ కలిసిన చోట నాకొక బాధ ఉంది. అది చెప్పకుండా ప్రయోజనాలు చెప్పడం నా వల్ల కాదు.

ఫీచర్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. మంత్రి వచ్చాడు, వంతెన కూలింది అని చెప్పేది వార్త. ఆ వంతెన మీదుగా రోజూ బడికి వెళ్లే పిల్ల ఇప్పుడు ఏ దారిన వెళుతోందో, ఎందుకు అలా వెళ్లాల్సి వచ్చిందో తీరిగ్గా చెప్పేది ఫీచర్. ఇంట్రోలో, అంటే మొదటి పేరాలో, మనిషి కనిపించాలి, మధ్యలో విషయం విప్పాలి, అంకెలు బాక్సులో పెట్టాలి, మనిషి మాటను మనిషి మాటగానే రాయాలి అని మాకు నేర్పారు. చూసి రా, విని రా, మళ్లీ వెళ్లి అడిగి రా అని మా మాస్టారు పంపేవారు. ఆ పాఠం మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు ఆ తర్వాత జరిగిన దాని మీద.

శిక్షణ కోసం నన్ను ఒక పత్రిక జిల్లా కార్యాలయానికి పంపారు. పేరు అక్కర్లేదు. జీడిపప్పు కార్మికుల మీద ఒక ఫీచర్ రాయమన్నారు. నాకు సంతోషం వేసింది. అది నేను పుట్టి పెరిగిన వీధి కదా. అమ్మతో కలిసి పనిచేసే ఒక పిన్ని దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. ఆమె ఇప్పుడు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను.

జీడిపిక్క కోయడం చూడనివారు ఇక్కడ తక్కువే ఉంటారు. అయినా దగ్గరగా చూసినది చెబుతాను. ఆవిరి పట్టి ఆరబెట్టిన పిక్కను ఒక్కొక్కటిగా కత్తుల మధ్య ఇరికించాలి. కాలితో తొక్కాలి, చేత్తో మీట నొక్కాలి. పెంకు రెండుగా విచ్చుకుంటుంది. లోపలి పప్పు విరగకుండా సన్నని ఊచతో తీయాలి. విరిగితే రేటు తగ్గుతుంది, గుండుకొక రేటు, ముక్కకొక రేటు. పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ముందుగా చేతులకు ఆముదం రాసుకుంటారు. అయినా వేళ్ల కొసలు నల్లబడి, పొరలు లేచి, గీతలు అరిగిపోతాయి. పిన్ని బొటనవేలు నేను పట్టుకుని చూశాను. గచ్చులా నున్నగా ఉంది. రేషన్ డిపోలో యంత్రం మీద ఆ వేలు పెడితే తీసుకోదు. చీర కొంగుతో తుడిచి మళ్లీ పెడుతుంది, తీసుకోదు. చూపుడు వేలు పెడుతుంది. వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటారు.

ఆ చేత్తో తీసిన పప్పులోనే మేలురకం పెట్టెల్లోకి వెళుతుంది. పెట్టె మీద 320 అని నంబరు ఉంటుంది. అంటే పౌనుకు, మన లెక్కలో దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 గింజలు తూగే రకం. గింజలకు అంత కచ్చితమైన లెక్క ఉన్న చోట వేళ్లకు లెక్క లేదు.

ఇదంతా రాశాను. కిలోకు ఎంత ఇస్తారో రాశాను. పండక్కి తీసుకున్న అడ్వాన్సు వారం వారం ఎలా కోతపడుతుందో రాశాను. వేలిముద్ర పడని సంగతి రాశాను. ఆదివారం పేపరు వచ్చింది. తెరిచి చూస్తే ‘విధి వక్రించిన బతుకులు’ అని ఉంది. ‘రెక్కాడితే గానీ డొక్కాడని’ అని మొదలైంది. ‘కడు దయనీయం’ ఉంది, ‘కన్నీటి పర్యంతం’ ఉంది, చివర ‘ఆపన్న హస్తం కోసం ఎదురుచూపు’ ఉంది. కిలో రేటు లేదు. అడ్వాన్సు లేదు. వేలిముద్ర లేదు. చోటు చాలలేదన్నారు. కన్నీటికి చోటు చాలింది.

సాయంత్రం పిన్నికి చదివి వినిపించాను. ఆమె అంతా విని, “నేనెప్పుడు ఏడ్చానమ్మా? కూలి సంగతి అంతసేపు చెప్పాను కదా, అదెక్కడ ఉంది?” అని అడిగింది.

కూలి సంగతి ఎక్కడ ఉంది? ఈ సభలో పత్రికల వారు ఉన్నారు. మిమ్మల్ని నొప్పించాలని కాదు, చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ ప్రశ్నకు జవాబేమిటి?

ఇక్కడే పుస్తకాల దగ్గరికి వస్తాను. పత్రిక నన్ను నొప్పించిన రోజుల్లోనే పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ 1996లో ప్రచురించిన పుస్తకం చదివాను. టైమ్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్‌తో దేశంలోని అత్యంత పేద జిల్లాలు తిరిగి రాసిన కథనాలు అవి. వాటిలో ఒడిశాలోని కోరాపుట్ ఉంది. కోరాపుట్ అంటే మనకు పరాయి దేశమా? సాలూరు దాటి ఘాట్ ఎక్కితే వచ్చేదే. అక్కడ చికాపార్ అనే ఊరి గురించి రాశారు. 1968లో మిగ్ యుద్ధ విమానాల ఫ్యాక్టరీ కోసం ఆ ఊరిని ఖాళీ చేయించారు. వాళ్లు మరోచోట ఇళ్లు కట్టుకుని దానికీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. అక్కడి నుంచీ వెళ్లగొట్టారు. ఆ తర్వాత మూడోసారి కూడా కదలమన్నారు. ఈ కథలో విధి అనే మాటకు చోటెక్కడుంది? ఎవరు ఖాళీ చేయించారు, దేనికోసం, ఎప్పుడు అన్నవి ఉన్నాయి. అవి ఉన్నందుకే నాకు కోపం వచ్చింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చదివించే రాత ఆ పని చేయాలని నాకు అప్పుడు తెలిసింది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. ఈ ఊళ్లోనే 1997లో కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం పెట్టిన కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, 1964లో ‘యజ్ఞం’ రాశారు. అది కల్పిత కథే, ఫీచర్ కాదు. కానీ అప్పల్రాముడి అప్పు తగవు అందులో ఎంత ఓపికగా విచారణకు వస్తుందో చూడండి. ఆ అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఊరు బాగుపడుతున్న కొద్దీ ఆ కుటుంబం ఎందుకు కుంగింది, అంతా పంచాయతీలో పెద్దల ముందు తేలుతుంది. ఆ లెక్క అంతా విన్న తర్వాత గానీ చివరి ఘోరం జరగదు. లెక్క చెప్పకుండా ఆ చివరి ఘట్టం ఒక్కటే రాసి ఉంటే అరవై ఏళ్లు నిలిచేదా?

మనం లెక్కలు అసలు వేయలేదని కాదు. తెండూల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కి పల్లెల్లో పేదరికపు గీత మనిషికి నెలకు 816 రూపాయలు. రోజుకు 27. రంగరాజన్ కమిటీ 2014లో దాన్ని 972 చేసింది. రోజుకు 32. తరగతిలో ఈ అంకెలు చెప్పినప్పుడు నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఆ 27 రూపాయలతో పలాసలో ఒక రోజు ఎలా గడుస్తుందో ఎవరైనా ఫీచర్ రాశారా? వెతికాను, నాకు దొరకలేదు. ప్రభుత్వాల దగ్గర మనిషి లేని అంకె ఉంది, పత్రికల్లో అంకె లేని మనిషి ఉన్నాడు. పిన్ని ఈ రెంటిలో ఎక్కడా లేదు.

విధి అని రాస్తే ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. విధి మీద కార్మిక శాఖకు అర్జీ పెట్టలేం. కిలో రేటు రాస్తే పెట్టగలం. కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. ఇచ్చే కూలి కనీస వేతనానికి తగినట్టు ఉందా లేదా అని కిలో రేటు చూసిన వాళ్లెవరైనా అడగగలరు. కన్నీరు చూసిన వాళ్లు మహా అయితే ఒక బియ్యం బస్తా పంపుతారు. పంపితే మంచిదే, పుణ్యాత్ములు. కానీ పిన్ని అడిగింది బస్తా కాదు.

తిత్లీ తుపాను గురించి చెప్పి తీరాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గరే తీరం దాటింది. నేను అప్పటికి బడిలో చదువుతున్నాను. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. కొద్ది రోజులు రాష్ట్రమంతా మా దగ్గరికి వచ్చింది. కెమెరాలు వచ్చాయి, పడిపోయిన చెట్టు కింద కూర్చున్న రైతు ఫోటో వచ్చింది. తర్వాత అందరూ వెళ్లిపోయారు. అది వాళ్ల తప్పని అనను, మరో చోట మరో వార్త ఉంటుంది. కానీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ అయిదారేళ్లు ఇంట్లో పొయ్యి ఎలా వెలిగింది? ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు? ఎవరు హైదరాబాద్ వెళ్లారు, ఏ మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లాడు? ఆ కథ చెప్పాల్సింది తుపాను వచ్చిన వారంలో కాదు, అప్పు గడువు వచ్చిన ఏడాదిలో. ఫీచర్ అనే ప్రక్రియ ఉన్నదే అందుకు. ఆలస్యంగా వెళ్లే హక్కు వార్తకు లేదు, ఫీచర్‌కు ఉంది. ఆ హక్కును వాడుకోండి, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జర్నలిజంలో చేరాలనుకునే వాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, మీకే చెబుతున్నాను.

చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న కడుతున్న భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో మన జిల్లా వాళ్లు, విజయనగరం వాళ్లు ఉన్నారు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. కూలీలను తీసుకెళ్లే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని అది చెప్పింది. లైసెన్సు ఉందా అన్న ఒక్క ప్రశ్నతో ఎన్ని ఫీచర్లు రాయవచ్చో ఆలోచించండి. గుజరాత్ వెళ్లి వేట చేస్తూ 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. నాకు గుర్తున్నవి పూలదండల ఫోటోలు. ఇంత పొడవైన తీరం ఉన్న జిల్లా మనిషి వేట కోసం గుజరాత్ దాకా ఎందుకు వెళ్లాడన్నది పూలదండ కింద ఉండిపోయింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి మీకు నేను చెప్పాలా? కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇప్పటికీ కచ్చితంగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచి జరిగింది, మంచి అని రాయాలి. దానితో పాటు, డయాలసిస్‌కు వారంలో రెండు మూడుసార్లు వెళ్లే మనిషి వెంట ఇంట్లో ఇంకొకరు వెళ్లాలి కదా, ఆ రెండో మనిషి కూలి కూడా రాయాలి. వైద్యం ఉచితమైనా ఆ కూలి ఎవరూ ఇవ్వరు.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. రెండు విన్నపాలు చెప్పి ముగిస్తాను.

మొదటిది గ్రంథాలయ అధికారులకు. జిల్లా ఎడిషన్ల పాత పేపర్లను దయచేసి తూకానికి అమ్మకండి. రాష్ట్ర పేజీలు ఎక్కడైనా దొరుకుతాయి. కవిటి, కంచిలి, మందస వార్తలు ఉండే పేజీలు మాత్రం ఇంకెక్కడా దొరకవు. తిత్లీ తర్వాతి ఏడాది మన పల్లెల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మాకు ఆ పేజీలే దిక్కు. నెలకొక కట్ట చొప్పున కుట్టించి పెట్టండి. కుట్టే పనికి మా విద్యార్థులం వస్తాం. నేను అడిగి వచ్చాను, చాలామంది సరేనన్నారు.

రెండోది ఇక్కడున్న పెద్దలకు. జీడి ఫ్యాక్టరీలో, జనపనార మిల్లులో, ఉప్పు మడుల్లో పనిచేసిన వాళ్లు మీలో ఉన్నారు. మీరు పనిలో చేరిన కొత్తలో కూలి ఎంత, బియ్యం కిలో ఎంత, అడ్వాన్సు ఎలా కోసేవారు, ఇవి నాకు కావాలి. నేను మళ్లీ రాస్తున్నాను, ఈసారి పిన్ని చెప్పినవన్నీ ఉంటాయి, అచ్చుకు ఇచ్చే ముందు ఆమెకు చదివి వినిపిస్తాను. సభ అయ్యాక తలుపు పక్కన ఉన్న బల్ల దగ్గర నోటు పుస్తకంతో కూర్చుంటాను. చివరి పలాస బస్సు టైము దాకా అక్కడే ఉంటాను. పేరు వద్దంటే రాసుకోను. రేటు మాత్రం చెప్పి వెళ్లండి.

నమస్కారం.