తెల్లటి స్క్రీన్ వెనక ఒక కుక్క ఉంది

నమస్తే అండి. వీడియో పాడైందనుకుని వెనక్కి వెళ్ళిపోకండి. స్క్రీన్ అంతా తెల్లగా ఉంది కదా, అది పొగమంచు. కెమెరా బాగానే ఉంది. వీలైతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎందుకంటే మొదటి నిమిషంలో చూడ్డానికి ఏమీ లేదు, వినడానికే ఉంది.

వినిపించిందా? పొడుగ్గా ఒక ఈల, వెంటనే రెండు పొట్టివి. ఈల వేసిన కాపరి నా పక్కనే ఉన్నాడు. కుక్క మాత్రం ఈ తెలుపులో ఎక్కడో, కొండ పైభాగంలో ఉంది. గొర్రెల్ని తోలుకురమ్మని దాన్ని పంపి ఎనిమిది నిమిషాలైంది. నాకు టెన్షన్‌గా ఉంది. ఆయనేమో చేతులు జేబుల్లో పెట్టుకుని, తల ఒక పక్కకి వంచి వింటున్నాడు. ఆయన పేరు, ఊరు చెప్పొద్దన్నాడు కాబట్టి కాపరి అనే పిలుస్తాను.

గొర్రెల దగ్గర పనిచేసే కుక్కలు రెండు రకాలు. మందలోనే ఉంటూ తోడేళ్ళ నుంచి కాపాడేవి ఒక రకం, మందని తోలుకొచ్చేవి ఇంకో రకం. మనం చూస్తున్నది రెండోది, బోర్డర్ కోలీ. పచ్చిక మీద ఎండలో ఈ కుక్కలు పనిచేసే వీడియోలు చాలానే ఉన్నాయి. చూసినవాళ్ళంతా "అబ్బ, చెప్పిన మాట ఎంత బాగా వింటుందో" అంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ చెప్పేవాడికి కుక్క కనబడకపోతే? కుక్కకి ఈల వినబడకపోతే? అప్పుడది ఏం చేస్తుంది? దీని పెంపకం, శిక్షణ అంతా ఆ కాసేపటి కోసమే అని ఇక్కడికొచ్చాక అర్థమైంది.

ఆ కుక్క తిరిగొచ్చేలోపు ఇంకో షాట్ చూడండి.

ఈ కుక్కపిల్లకి నాలుగు నెలలు. కంచె అవతల గొర్రెల్ని చూసి ఎలా బిగుసుకుపోయిందో చూశారా? తల కిందికి, తోక కిందికి, ఒక కాలు గాల్లో. అయినా దీన్ని ఇప్పుడే వదలరు. గొర్రె కంటే వేగంగా పరిగెత్తలేని పిల్ల మంద చుట్టూ తిరిగి రాలేదు, వెనకబడి తరుముతుంది. తరమడం అలవాటైతే మాన్పించడం కష్టం. పైగా తల్లి గొర్రె ఒక్కసారి గట్టిగా కుమ్మిందంటే ఆ భయం ఏళ్ళ తరబడి పోకపోవచ్చు. అందుకే సుమారు పది నెలలు వచ్చేదాకా నేర్పేవి మూడే. పిలిస్తే రావడం, పడుకోమంటే పడుకోవడం, ఊరికే ఉండడం. మూడోది నేర్పలేక ఎంతోమంది చేతులెత్తేశారట.

తర్వాత అసలు పాఠం. చిన్న దొడ్డి, కుక్కలంటే అలవాటున్న నెమ్మదైన గొర్రెలు ఐదో ఆరో. ఒక గడియారం ఊహించుకోండి. గొర్రెలు దాని మధ్యలో ఉన్నాయి. మనిషి ఆరు దగ్గర నిలబడితే, కుక్క ఎవరూ చెప్పకుండానే పన్నెండు దగ్గరికి పోయి ఆగుతుంది. మనిషి మూడు దగ్గరికి జరిగితే, అది తొమ్మిదికి జరుగుతుంది. గొర్రెల్ని ఎప్పుడూ తనకీ మనిషికీ మధ్యే ఉంచుకుంటుంది. ఇది నేర్పితే వచ్చింది కాదు, తోడేలు వేట. తోడేలు చూస్తుంది, పొంచి నడుస్తుంది, తరుముతుంది, పట్టుకుంటుంది, చంపుతుంది. మనుషులు తరతరాలుగా కుక్కల్ని ఏరి ఏరి పెంచి, మొదటి మూడూ ఉంచుకుని చివరి రెండూ అణిచారు. అణిచారు అన్నాను, తీసేశారు అనలేదు. అందుకే ఎంత మంచి కుక్కనైనా గొర్రెలతో ఒంటరిగా వదిలి ఇంట్లోకి వెళ్ళరు.

మాటలు నేర్పే పద్ధతి నాకు భలే నచ్చింది. గడియారం ముళ్ళు తిరిగే వైపుకి "కమ్ బై", ఎదురు వైపుకి "అవే". మాట చెప్పి కుక్కని కదిలించరు. మనిషే జరుగుతాడు, కుక్క సర్దుకోవడానికి కదులుతుంది, సరిగ్గా అప్పుడు ఆ మాట అంటారు. కదులుతున్న కుక్కకి మాట తగిలిస్తారన్నమాట. ఇలా పది నిమిషాలు, అంతే. పదకొండో నిమిషంలో తప్పు చేస్తుందని తెలిస్తే పదో నిమిషంలోనే ఆపేస్తారు. పని ముగిసిందని చెప్పే మాట "దటిల్ డూ". ఇక చాలు అని అర్థం.

మాట పట్టుబడ్డాకే ఈల. ఈల ఎందుకంటే గాలి హోరులో గొంతు దూరం పోదు. ఇంకో కారణం కాపరి చెప్పాడు. గొంతులో కోపం, కంగారు దాగవు, కుక్క పసిగట్టేస్తుంది. ఈలలో అవి అంతగా తెలియవు. ఇదిగో, ఆయన నోట్లో పెట్టుకునే ఈల ఇది. మడతపెట్టిన చిన్న లోహపు రేకు, మధ్యలో బెజ్జం. వేళ్ళతో ఈల వేయొచ్చు కదా అన్నాను. చేతి తొడుగు తీసి వేళ్ళు చూపించాడు, చలికి కొంకర్లు పోయి ఉన్నాయి. రెండు కుక్కలుంటే రెండింటికీ వేర్వేరు ఈలలు. లేకపోతే ఒకదానికి చెప్పింది రెండూ చేసేస్తాయి.

చరిత్ర ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఈ జాతి పుట్టిల్లు ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండలు. అక్కడి నార్తంబర్లండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర 1893లో ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది. అరవకుండా, కరవకుండా, చూపుతోనే గొర్రెల్ని కదిపేదని దానికి పేరు. ఇవాళ్టి బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నీ దాని సంతానమే. ఈ కుక్కల వంశావళి నమోదు చేసే అంతర్జాతీయ సంఘం 1906లో మొదలైంది. అక్కడ మొదటి నుంచీ అందం కంటే పనితనానికే విలువ.

సరే, పొగమంచులోకి వద్దాం. పదకొండో నిమిషం. ఇప్పుడు సన్నటి చినుకులు కూడా మొదలయ్యాయి.

ఇలాంటి వాతావరణంలో గొర్రె గాలికి వీపు తిప్పేస్తుంది. తడిసిన ఉన్ని బరువు. మొహం మీద చినుకులు కొట్టే వైపు అది చచ్చినా నడవదు. ఇవాళ దొడ్డేమో గాలికి ఎదురుగానే ఉంది. కుక్క మొత్తం మందని గాలికి ఎదురు నడిపించాలి. ఎలా? మన తెలుగులో గొర్రెదాటు అంటాం కదా, ఒకటి దూకితే అన్నీ దూకుతాయని. మనం తిట్టుగా వాడే ఆ గుణమే ఇక్కడ దిక్కు. ముందున్న గొర్రె తిరిగితే మంద తిరుగుతుంది. అందుకే కుక్క వెనకే ఉన్నా దాని కళ్ళు ముందున్న గొర్రె మీదే. మొదట గొర్రె కాలితో నేలని తంతుంది, రావొద్దని బెదిరింపు. కుక్క అరవకుండా ఒక అడుగు వేస్తుంది, ఆగుతుంది. ఇంకో అడుగు వేస్తుంది, ఆగుతుంది. తొందరపడితే మంద చెదిరిపోతుంది, చెదిరితే ఈ పొగలో మళ్ళీ దొరకదు.

అదిగో, నీడలు కనబడుతున్నాయి! ముందు ఒకటి, తర్వాత ఐదారు, ఇప్పుడు మంద మొత్తం. వెనక నల్లటి చుక్క, అదే మన కుక్క.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. కాపరి రమ్మని ఈల వేశాడు. కుక్క రాలేదు. ఆగి, కొండవైపు తిరిగి చూసింది. మళ్ళీ ఈల. ఈసారి పూర్తిగా వెనక్కి తిరిగి పొగలోకి మాయమైంది. వెనక మిగిలిపోయినవాటిని తెమ్మని చెప్పడానికి "లుక్ బ్యాక్" అనే ఆజ్ఞ ఉంది. ఆయన అది ఇవ్వలేదు.

తప్పిపోయిన గొర్రెని తెస్తుందనుకున్నారు కదూ? నేనూ అదే అనుకున్నాను. నాలుగు నిమిషాల తర్వాత ఒంటరిగా వచ్చింది. గొర్రెల్ని లెక్కపెడితే సరిపోయాయి, ఏదీ తప్పిపోలేదు. ఏ రాయినో చూసి భ్రమపడిందేమో. మాట వినలేదు కదా, తిట్టరా అని అడిగాను. "ఇవాళ తిడితే, నిజంగా ఒకటి మిగిలిపోయిన రోజున వెనక్కి చూడదు" అన్నాడు. ఆ నాలుగు నిమిషాలు వానలో ఎందుకు నిలబడ్డాడో అప్పుడు తెలిసింది.

మంచు కురిసే రోజైతే పని ఇంకో రకం. గొర్రెలు గాలి తగలకుండా రాతిగోడ చాటుకి చేరతాయి, గాలి తోసుకొచ్చిన మంచు సరిగ్గా అక్కడే గుట్టపడుతుంది. 2013 మార్చిలో బ్రిటన్‌లో ఇదే జరిగింది, అదీ గొర్రెలు ఈనే రోజుల్లో. మంచు కింద ఉన్ని వేడికి, ఊపిరికి చిన్న ఖాళీ ఏర్పడి గొర్రె రోజుల తరబడి బతకొచ్చు. కాపర్లు పొడవాటి కర్రలు గుచ్చుతూ వెతుకుతారు. ముక్కు బాగున్న కుక్క ఉంటే వాసన పట్టి, ఫలానా చోట అని కాలితో గీరుతుంది.

మంద దొడ్డిలోకి చేరింది. ఇక కుక్క సంగతి. దగ్గరగా చూపిస్తున్నాను, ఇది నిన్న మంచులో తీసింది. కాలివేళ్ళ మధ్య బఠాణీ గింజలంత గడ్డలున్నాయి చూశారా? వెంట్రుకలకి మంచు పట్టుకుని గట్టిపడింది. లాగితే చర్మం ఊడుతుంది. కాపరి పాదాన్ని అరచేతిలో మూసి, కరిగేదాకా ఆగుతున్నాడు. ఒక్కో పాదానికి ఒక్కో నిమిషం.

పరిగెత్తేటప్పుడు కుక్కకి చలి తెలియదు, ఆగాకే పట్టుకుంటుంది. అందుకే ముందు ఒళ్ళు తుడవాలి, తర్వాత గాలి సోకని, నేలకి ఎత్తుగా ఉన్న పొడి పడక. తిండి వెంటనే పెట్టరు, కాస్త ఆయాసం తీరాక. మర్నాడు ఒక్కోసారి తోక విరిగినట్టు వేలాడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు హడలిపోతారు. చల్లటి నీళ్ళలో నాని, బాగా అలిసిన కుక్కలకి వచ్చే తోక కండరాల నొప్పి అది, విశ్రాంతి ఇస్తే చాలావరకు కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

ఒకటి మాత్రం మరచిపోకూడదు, నట్టల మందు. చచ్చిన గొర్రెని తిన్న కుక్క కడుపులో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలంతో గడ్డి మీదికి, అక్కడి నుంచి గొర్రెలోకి. ఒక రకమైతే గొర్రె మెదడులో నీటితిత్తిలా పెరుగుతుంది, పాపం ఆ గొర్రె ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఇంకో రకం మనుషుల కాలేయంలోకీ, ఊపిరితిత్తుల్లోకీ వస్తుంది. కాబట్టి కుక్కకి వేళ తప్పకుండా మందు, కళేబరం కనబడితే వెంటనే పాతిపెట్టడం లేదా తీయించేయడం.

చివరి షాట్. "దటిల్ డూ" అన్నాడు. కుక్క పడుకుంది, కానీ మొహం ఎటుందో చూడండి. దొడ్డి గేటు వైపు. పక్కన ఆ నాలుగు నెలల పిల్ల కూడా అటే చూస్తోంది. దానికి పది నెలలు వచ్చాక మళ్ళీ వెళ్తాను, కెమెరాకి ఈసారి వాన కవరు పట్టుకుని.