గంధరాజం మొగ్గ కట్టి రాలిపోతోందా? (ఫోన్-ఇన్)

యాంకర్: హలో, చెప్పండమ్మా, లైన్లో ఉన్నారు.

కాలర్: నమస్తే అండీ, నమస్తే సార్. గంధరాజం గురించండీ, రెండేళ్లు కుండీలో ఉంచి పోయినేడు నేలలో పెట్టా, మొగ్గలు బానే కడుతున్నాయి, రేపో ఎల్లుండో విచ్చుకుంటాయిలే అనుకునేలోపే పసుపు తిరిగి టపటపా రాలిపోతున్నాయి. ఆకులూ పసుపే. బలం లేదేమోనని యూరియా వేశా.

సార్: అయ్యో, యూరియా ఎందుకమ్మా, దాంతో ఆకు వస్తుందేమో గానీ పూలు రావు. సరే, ఒక ఆకు తెంపి చూసి చెప్పండి, మొత్తం పసుపా, ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపా?

కాలర్: ఒక్క నిమిషం... ఈనెలు పచ్చగానే ఉన్నాయండీ. లేత ఆకుల్లోనే ఎక్కువుంది.

సార్: ఐరన్ అందట్లేదమ్మా. దీనికి కాస్త పుల్ల నేల కావాలి, పీహెచ్ అని మట్టి పులుపుకి ఒక కొలత, అది 5 నుంచి 6 దాకా ఉండాలి, 7 దాటిందంటే పులుపు పోయినట్టే, మట్టిలో ఐరన్ ఉన్నా వేరు తీసుకోలేదు. మీ నీళ్లు ఆరితే గిన్నెల మీద తెల్ల మరకలు పడతాయా?

కాలర్: బోల్డు పడతాయి! ఇంకోటండీ, చలికి వెచ్చగా ఉంటుందని సిమెంటు గోడకి ఆనించి పెట్టా.

సార్: తెల్ల మరకలంటే మీ నీళ్లలో సున్నం ఉన్నట్టేనమ్మా, అదే మట్టి పులుపుని తగ్గిస్తోంది. గోడ చాటు మంచిదే గానీ సిమెంటులో సున్నం దిగి మట్టిని ఇంకా పాడుచేస్తుంది, పూలయ్యాక రెండడుగులు ఇవతలికి మార్చండి, ఇప్పుడు మాత్రం కదిపారో ఉన్న మొగ్గలూ పోతాయి. వాన నీళ్లు పట్టి పోయండి, చీలేటెడ్ ఐరన్ అని, వేరు తీసుకోగలిగేలా తయారుచేసిన ఐరన్ దొరుకుతుంది, ఈడీడీహెచ్‌ఏ రకం అడగండి. ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు బకెట్టు గుమ్మరిస్తే మొగ్గ నిలవదు, తడి ఒకేలా ఉండాలి. వేళ్లు పైపైనే ఉంటాయి, గునపంతో గుల్ల చేయకండి, ఎండాకులు పరవండి చాలు.

యాంకర్: గార్డెన్లో పెంచుతాం కాబట్టే గంధరాజాన్ని ఇంగ్లీషులో గార్డీనియా అంటారా సార్?

సార్: (నవ్వు) అందరూ అలాగే అనుకుంటారు. అలెగ్జాండర్ గార్డెన్ అని ఒక డాక్టరుగారు, 1761లో ఆయన పేరే పెట్టారు.

కాలర్: మరి మంచు పడితే సార్?

సార్: మామూలు చలి ఓర్చుకుంటుందమ్మా, గడ్డకట్టే చలి రోజుల తరబడి ఉంటే కష్టం. ఏడాదంతా ఆకు ఉండే మొక్క కదా, చలిలోనూ ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది, నేల గడ్డకడితే వేరుకి అందదు, అందుకని ముందే తడిపి రాత్రి పాత దుప్పటి కప్పి పొద్దున తీసేయండి. ప్లాస్టిక్ ఆకుకి తగలనివ్వద్దు. కొసలు నల్లబడినా చలి పూర్తిగా పోయేదాకా కత్తెర ముట్టుకోకండి, షేపు కోసం కత్తిరించాలంటే పూలవ్వగానే, తర్వాతయితే వచ్చే ఏడాది మొగ్గల్ని మనమే నరుక్కున్నట్టు.

కాలర్: మా ఆయన మొన్ననే గోడవైపంతా కత్తిరించేశారండీ, అడ్డంగా ఉందని.

సార్: ...అయితే అటువైపు పూల సంగతి ఆయన్నే అడగండమ్మా.