సత్తెనపల్లి నుంచి మూడు సభలకు: శాసనసభ్యుడు వావిలాల

శ్రోతలకు నమస్కారం.

సత్తెనపల్లి ఓటర్లు వావిలాల గోపాలకృష్ణయ్యగారిని నాలుగుసార్లు గెలిపించారు: 1952, 1955, 1962, 1967. నియోజకవర్గం ఒక్కటే, సభలు మాత్రం మూడు. మొదట మద్రాసు వెళ్లారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగానే మద్రాసు సభలోని ఆంధ్ర ప్రాంత సభ్యులు 140 మంది మళ్లీ ఎన్నిక లేకుండానే కర్నూలు సభకు మారారు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అందుకే 1955లోనే మళ్లీ ఎన్నికలు. అప్పుడు గెలిచినవాళ్లు 1956లో హైదరాబాదు చేరారు. 1957లో తెలంగాణ స్థానాలకే ఎన్నిక పెట్టారు గనక, ఆంధ్ర ప్రాంత సభ్యులు 1962 దాకా ఏడేళ్లు కొనసాగారు.

1962లో, 1967లో ఆయన స్వతంత్ర సభ్యుడు. పార్టీ చెప్పినట్టే ఓటేయాలనే విప్ బెడద ఉండదు, నిజమే. కానీ చర్చలో మాట్లాడే సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. ఒంటరి సభ్యుడికి దక్కేది కొద్ది నిమిషాలే. అతనికి అసలు ఆయుధం ప్రశ్న.

వావిలాల నందికొండ ప్రాజెక్టు కోసం పోరాడినవారు, నాగార్జునసాగర్‌గా మనకు తెలిసినది అదే. కాబట్టి ఉదాహరణకు కాలువనే తీసుకుందాం. ‘కాలువ పనులు ఎందుకు సాగడం లేదు?’ అని అడిగితే, ‘పురోగతిలో ఉన్నాయి’ అనే ఒక్క మాటతో మంత్రి తప్పించుకోగలరు. ఫలానా మైలు నుంచి ఫలానా మైలు దాకా మంజూరైన సొమ్మెంత, ఖర్చయిందెంత, ఒప్పందం ప్రకారం గడువెప్పుడు అని విడివిడిగా అడగాలి. అప్పుడు అంకెలు చెప్పక తప్పదు, అవి సభా రికార్డులోకి ఎక్కుతాయి. నక్షత్ర గుర్తు వేసిన ప్రశ్నకు మంత్రి నోటితో జవాబివ్వాలి. దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబొస్తుంది, అక్కడితో సరి. కేంద్రం పరిధిలోని విషయమైనా, కోర్టులో నడుస్తున్న వ్యవహారమైనా నోటీసు దశలోనే తిరస్కరిస్తారు. ఇన్ని దాటి వచ్చిన ప్రశ్నకు కూడా, పేరు పిలిచేసరికి సభ్యుడు సీట్లో లేకపోతే నోటి జవాబు రాబట్టే అవకాశం పోవచ్చు. 

బడ్జెట్ వేళ ఇంకో దారి ఉంది, కోత తీర్మానం. ఒక శాఖ పద్దులో వంద రూపాయలు తగ్గించమని ప్రతిపాదిస్తారు. ఆ వందతో ఎవరికీ పని లేదు. ఆ శాఖ మీద ఒక నిర్దిష్టమైన ఫిర్యాదును సభ ముందు పెట్టడానికి అదొక మార్గం.

సభలో ఏం సాధించినా దాని ఉత్తర్వు ఇంగ్లీషులో వస్తే రైతు మరొకరి చేత చదివించుకోవాల్సిందే. తెలుగును అధికార భాష చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులు వావిలాలగారే. అప్పటికి ఆయన ఎమ్మెల్యే కారు. ప్రభుత్వ కార్యాలయం కాగితం తెలుగులో రావాలన్న పని మాత్రం ఆ కుర్చీలోనూ వదల్లేదు.