చదివేటప్పుడు ఊరుకో, రాసేటప్పుడు చెప్పు

మిత్రులందరికీ నమస్కారం.

ముందు మా చెల్లెలు ఈమెయిలు సంగతి చెబుతాను. ఆమె తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తుంది. మనలో చాలామంది ఇళ్లలో జరిగేదే. ఆ రోజు ఆమె రాసింది ఒక్క వాక్యం: "అన్నయ్యా, అమ్మకు జ్వరం తగ్గింది, నువ్వు కంగారు పడకు." జవాబు రాద్దామని బటన్ నొక్కాను. కింద ఆమె రాసిన వాక్యం ఉంటుంది కదా, ఇంకోసారి విందామని బాణం గుర్తుతో కిందికి దిగాను. నా స్క్రీన్ రీడర్, అంటే మనలాంటి చూపులేనివాళ్లకు తెర మీది రాతను గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాము, ఇలా చదివింది: "తప్పు, అన్నయ్యా, తప్పు అయిపోయింది. తప్పు, అమ్మకు, తప్పు అయిపోయింది. తప్పు, జ్వరం, తప్పు అయిపోయింది..." అది ఇంగ్లిషులో అన్న మాటల్నే తెలుగులో చెబుతున్నాను. ఏడు మాటల వాక్యానికి పద్నాలుగు హెచ్చరికలు. జ్వరం తగ్గిందని తెలిసేసరికి నాకు జ్వరం వచ్చేలా ఉంది.

మీరు నవ్వుతున్నారంటే ఈ జోరీగ మీ చెవిలోనూ దూరిందన్నమాట.

చూపున్నవాళ్లకు ఇదే స్పెల్లింగు హెచ్చరిక ఎర్రటి వంకరగీతగా కనిపిస్తుంది. మాట కింద ఎక్కడో ఉంటుంది. చూస్తే చూశారు, లేకపోతే లేదు. కన్ను దాన్ని దాటుకుని పోగలదు. చెవికి ఆ వెసులుబాటు లేదు. చెవిలో మాటలు ఒకదాని వెనక ఒకటి వరుసలో నిలబడతాయి. హెచ్చరిక కూడా అదే వరుసలో నిలబడుతుంది, అసలు మాటను వెనక్కి నెట్టి మరీ. ఆ వంకరగీతను గొంతుగా మార్చినవాళ్లు మంచి ఉద్దేశంతోనే మార్చారు. కానీ గీత ఖరీదు వేరు, గొంతు ఖరీదు వేరు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. తప్పును పట్టేది స్క్రీన్ రీడర్ కాదు. అది కబురు మోసే మనిషి మాత్రమే. పట్టేది మీరు రాస్తున్న ప్రోగ్రాము: అవుట్‌లుక్, థండర్‌బర్డ్, లేదా జీమెయిల్ తెరిచిన బ్రౌజరు. ఆ ప్రోగ్రాము తన నిఘంటువులో లేని మాటకు ఒక గుర్తు తగిలిస్తుంది. విండోస్ వాడే ఒక పద్ధతిలో ఆ గుర్తుకు సంఖ్య కూడా ఉంది: 60001 అంటే స్పెల్లింగు తప్పు, 60002 అంటే వ్యాకరణం తప్పు. వెబ్ పేజీల్లోనూ ఇలాంటి గుర్తుకు వీలుంది. స్క్రీన్ రీడర్ ఆ గుర్తును చూసి మనకు చెబుతుంది, అంతే. కాబట్టి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లెవరైనా "నా ఎన్‌వీడీఏకి తెలుగు పేర్లు తెలియవు" అని అంటే, పాపం దాని తప్పేమీ లేదు. తెలియనిది అవతల ఉన్న నిఘంటువుకు.

అంటే సర్దుబాటు చేసుకోవడానికి మనకు రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి, గుర్తు పెట్టే చోటు. రెండు, గుర్తును చదివే చోటు. ఈ రెండింటినీ కలగలిపి చాలామంది ఒకే పని చేస్తారు. నేనూ అదే చేశాను. విసుగెత్తి హెచ్చరిక మొత్తం ఆపేశాను. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

నేను బ్యాంకులో పని చేస్తాను. ఆపేసిన తరువాత కొన్ని నెలలు హాయిగా గడిచాయి. ఒకరోజు మా పక్క సీటాయన, నాకంటే పెద్దాయన, టీ తాగుతూ చాలా మెల్లగా అన్నాడు: "ఏమీ అనుకోకు బాబూ, నువ్వు రాసే ప్రతి ఉత్తరంలోనూ 'రిసీవ్' తప్పే ఉంటోంది." నాకు నమ్మకం కలగలేదు. వెళ్లి పంపిన ఉత్తరాలు తెరిచి విన్నాను. శుభ్రంగా 'రిసీవ్' అనే వినిపించింది. అక్షరం అక్షరం విన్నాను: ఆర్, ఇ, సి, ఐ, ఇ, వి, ఇ. 'సి' తరువాత 'ఇ' రావాలి, నేను 'ఐ' ముందు పెట్టాను. మా యంత్రపు గొంతు ఎంత మర్యాదస్తురాలంటే, తప్పు రాసినా ఒప్పుగానే పలుకుతుంది. 'సెపరేట్'లో 'ఎ' ఉండాల్సిన చోట 'ఇ' ఉన్నా అంతే. 'అకామొడేషన్'లో 'ఎం' రెండు ఉన్నా ఒకటే ఉన్నా అంతే. ఇంగ్లిషు రాత ఒక దారి, పలుకు ఇంకో దారి. వినికిడితో మాత్రమే ఇంగ్లిషు నేర్చుకున్నవాడికి తన తప్పు తనకు ఎప్పటికీ వినబడదు.

చిన్నప్పుడు బ్రెయిలీలో ఇంగ్లిషు చదువుకున్నవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. వేళ్లకు అక్షరం తగిలింది కాబట్టి. నేరుగా కంప్యూటరు గొంతుతో మొదలుపెట్టిన పిల్లల్ని చూస్తే నాకు కాస్త బెంగగానే ఉంటుంది. ఆ మాట ఇంకోసారి మాట్లాడుకుందాం.

నేను తేల్చుకున్నది ఇది: ఈ హెచ్చరిక రాసేవాడి కోసం పుట్టింది, చదివేవాడి కోసం కాదు. మా చెల్లెలు ఉత్తరంలో తప్పులు దిద్దే ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు. నా ఉత్తరంలో తప్పులు దిద్దుకోవడం మాత్రం నా పని. కాబట్టి చదివేటప్పుడు అది ఊరుకోవాలి, రాసేటప్పుడు చెప్పాలి. ఈ విభజన చేసుకోవచ్చు. చాలామందికి తెలియదు, అంతే.

ఎన్‌వీడీఏతో చెబుతాను, ఉచితం కాబట్టి ఇక్కడ ఎక్కువమంది దగ్గర ఉండేది అదే. ఎన్‌వీడీఏ మీట అంటే ఇన్సర్ట్ గానీ, మీరు కేప్స్ లాక్ పెట్టుకుంటే అది గానీ. ఆ మీటతో పాటు కంట్రోల్, డి నొక్కితే డాక్యుమెంట్ ఫార్మాటింగ్ పేజీ తెరుచుకుంటుంది. అందులో స్పెల్లింగు తప్పుల ఎంపిక ఉంటుంది. మీ దగ్గరున్న వెర్షన్‌ను బట్టి అది టిక్ పెట్టెగానో జాబితాగానో కనిపిస్తుంది. మనలో చాలామంది అక్కడే ఆగిపోతారు: ఆన్ లేదా ఆఫ్. అది ఆన్‌లోనే ఉంచండి. అది ఆన్‌లో ఉంటేనే ఇంకో మంచి సౌకర్యం పనిచేస్తుంది. కీబోర్డు సెట్టింగుల్లో, టైపు చేసేటప్పుడు తప్పు పడితే శబ్దం చేయమనే ఎంపిక ఉంది. దాన్నీ ఆన్ చేయండి. ఇక మాట పూర్తి చేసి స్పేస్ నొక్కగానే తప్పైతే చిన్నగా బర్రుమంటుంది. మాట కాదు, శబ్దం. మీ ఆలోచన తెగదు, చేయి ఆగదు, తప్పు పడిందన్న సంగతి మాత్రం తెలుస్తుంది. మా ఊళ్లో పంతులుగారు పక్కనే నిలబడి బెత్తంతో బల్ల మీద ఒక్క తట్టు తట్టేవారు, పేరు పెట్టి పిలిచేవారు కాదు. సరిగ్గా అలాంటిది.

ఇప్పుడు చదివే వైపు. ఎన్‌వీడీఏలో ప్రొఫైళ్లు అని ఉన్నాయి, అంటే సందర్భాన్ని బట్టి మార్చుకునే సెట్టింగుల కట్టలు. ఎన్‌వీడీఏ మీట, కంట్రోల్, పి. అక్కడ కొత్త ప్రొఫైలు చేసేటప్పుడు, దీన్ని ఎప్పుడు వాడాలి అని అడుగుతుంది. మీరే చేత్తో ఆన్ చేసుకోవచ్చు, ఫలానా ప్రోగ్రాములో మాత్రమే అనవచ్చు. మూడోది మనకు కావలసింది: 'సే ఆల్', అంటే ఆపకుండా మొత్తం చదివేటప్పుడు. చాలామంది ఈ మూడోదాన్ని గొంతు వేగం మార్చుకోవడానికి వాడతారు. నేను స్పెల్లింగు కోసం వాడుతున్నాను. ఆ ప్రొఫైలులో స్పెల్లింగు తప్పుల్ని ఆఫ్ చేశాను. అంతే, ఎన్‌వీడీఏ మీట, కింది బాణం నొక్కి ఉత్తరం మొత్తం చదివించుకుంటే ఒక్క హెచ్చరికా లేదు. అది ఆపి నేను టైపు చేయడం మొదలుపెట్టగానే హెచ్చరిక తిరిగి వచ్చేస్తుంది. మనం ఏ మీటా మార్చనక్కరలేదు.

ఇందులో ఒక గుంట ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఈ రకం ప్రొఫైలును మార్చాలంటే ముందు దాన్ని చేత్తో యాక్టివేట్ చేయాలి. ఎన్‌వీడీఏ అడుగుతుంది కూడా, ఇప్పుడు యాక్టివేట్ చేయనా, పని అయ్యాక మీరే తీసేయాలి సుమా అని. మనం రెండో సగం వినకుండా ఎంటర్ కొడతాం. సెట్టింగు మార్చి బయటికి వచ్చేస్తాం. ప్రొఫైలు అలాగే ఉండిపోతుంది, రాసేటప్పుడు కూడా హెచ్చరిక రాదు, "ఈ ఉపాయం పనిచేయలేదు" అని నాకు ఫోను చేస్తారు. మళ్లీ ఆ ప్రొఫైళ్ల పేజీకి వెళ్లి డీయాక్టివేట్ నొక్కడం మరిచిపోకండి.

ఒక్కో పంక్తిగా బాణం గుర్తుతో చదివేవాళ్లకు ఈ ప్రొఫైలు సాయం చేయదు. వాళ్లు ఎన్‌వీడీఏ ఆదేశాలకు మీటలు కేటాయించే ఇన్‌పుట్ జెశ్చర్ల పేజీలో స్పెల్లింగు హెచ్చరికను ఆన్ ఆఫ్ చేసే ఆదేశానికి తమకు నచ్చిన మీట పెట్టుకోవచ్చు. మొదట దానికి ఏ మీటా ఉండదు, మనమే ఇవ్వాలి.

జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ఈమెయిలు ప్రోగ్రాములో ఉండగా ఇన్సర్ట్, వి నొక్కి, వెతికే పెట్టెలో స్పెల్లింగు అని టైపు చేయండి. అక్కడ మార్చింది ఆ ప్రోగ్రాముకే వర్తిస్తుంది. ఐఫోన్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌లో తప్పు మాటల మధ్య తిరగడానికి రోటర్లో, అంటే రెండు వేళ్లు తిప్పి ఎంచుకునే జాబితాలో, ఒక ఎంపిక ఉంది, దాన్ని రోటరు సెట్టింగుల్లో చేర్చుకోవాలి.

ఇక గుర్తు పెట్టే చోటు. ఎప్పటినుంచో ఉన్న క్లాసిక్ అవుట్‌లుక్‌లో, మెయిలు ఆప్షన్లలో రెండు పెట్టెలు చూడండి. ఒకటి, పంపే ముందు ప్రతిసారీ స్పెల్లింగు చూడమనేది. రెండోది, జవాబు రాసేటప్పుడు అవతలివాళ్ల పాత ఉత్తరాన్ని వదిలేయమనేది. మొదటిదాన్ని ఆన్ చేసి రెండోదాన్ని వదిలేస్తే, పంపు నొక్కగానే మీ ఉత్తరంతో పాటు దాని కింద వేలాడుతున్న పది ఉత్తరాల్లోని తప్పులన్నీ మీ నెత్తిన పడతాయి. రెండూ కలిసి ఉండాలి. థండర్‌బర్డ్‌లోనూ పంపే ముందు చూడమనే ఎంపిక ఉంది.

తరువాత మన పేర్లు. ఇంగ్లిషు నిఘంటువు దృష్టిలో వేంకటరమణా తప్పే, సుబ్బలక్ష్మీ తప్పే, తాడేపల్లిగూడెం అయితే ఘోరమైన తప్పు. రోజుకు ఇరవైసార్లు రాసే పేరుకు ఇరవైసార్లు బర్రుమంటే, నెల తిరిగేలోపు మనం ఆ శబ్దాన్నే వినడం మానేస్తాం. అప్పుడు నిజమైన తప్పు పడినా పట్టించుకోం. కాబట్టి పేరు మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కి, నిఘంటువులో చేర్చు అనేది ఎంచుకోండి. వర్డ్, అవుట్‌లుక్ ఇలా చేర్చిన మాటల్ని ఒక మామూలు జాబితాలో పెట్టుకుంటాయి, పంక్తికి ఒక మాట. ప్రూఫింగ్ ఆప్షన్లలో కస్టమ్ డిక్షనరీల పేజీ తెరిస్తే ఆ జాబితా చదువుకోవచ్చు, తీసేయవచ్చు. నేను మా శాఖల ఊళ్ల పేర్లన్నీ ఒక ఆదివారం కూర్చుని చేర్చాను. అప్పుడప్పుడు ఆ జాబితా వినడం కూడా అవసరమే. ఒకసారి విన్నప్పుడు పేర్ల మధ్య నా పాత 'రిసీవ్' కూర్చుని ఉంది, 'ఐ' ముందుతో. తొందరలో ఎప్పుడో నేనే చేర్చాను. తప్పుకు పౌరసత్వం ఇచ్చేశాను.

హెచ్చరిక రానంత మాత్రాన అంతా సరిగ్గా ఉందనుకోకండి. బ్యాంకులో 'ప్రిన్సిపల్' అమౌంట్ అంటాం, అసలు అని. దాని చివర 'పి, ఎ, ఎల్' ఉండాలి. 'పి, ఎల్, ఇ' రాస్తే సూత్రం అనే అర్థం వస్తుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, రెండూ ఒకేలా పలుకుతాయి. నిఘంటువూ మాట్లాడదు, చెవీ మాట్లాడదు. ఐఎఫ్ఎస్‌సీ కోడు 11 అక్షరాలు, అయిదోది సున్నా. అంకెలున్న మాటల్ని ఆఫీసు ప్రోగ్రాములు మామూలుగా తనిఖీ చేయకుండా వదిలేస్తాయి. కాబట్టి సున్నా బదులు 'ఓ' పడినా నిశ్శబ్దమే. వీటికి మందు ఒకటే: ఎన్‌వీడీఏలో నంబర్ ప్యాడ్ మీద 5 రెండుసార్లు నొక్కితే మాట అక్షరాలుగా వస్తుంది, మూడుసార్లు నొక్కితే 'ఆల్ఫా, బ్రావో' అంటూ వస్తుంది. డబ్బు ఉన్న ఉత్తరం ఏదీ నేను ఈ 5 నొక్కకుండా పంపను.

చివరగా తెలుగు. తెలుగు లిపిలో రాస్తే పలుకూ రాతా దగ్గరగా ఉంటాయి కాబట్టి చెవి కొంత పని చేస్తుంది. కానీ 'విద్యార్థి'లో 'థ' బదులు 'ధ' పడితే, మనం పెట్టుకునే వేగంలో ఎంతమందికి తేడా తెలుస్తుంది? నిఘంటువు సాయం ఇక్కడ తక్కువ. మనవాళ్లు 'వచ్చేస్తారనుకున్నానండీ' అని ఒకే మాటగా రాస్తారు. ఇలాంటివన్నీ ఏ జాబితాలో పట్టించగలం? లిబ్రేఆఫీసుకు తెలుగు నిఘంటువు ఉంది, వాడి చూడండి, సరైన మాటల్ని కూడా చాలానే తప్పంటుంది. వర్డ్, అవుట్‌లుక్‌లలో తెలుగు ప్రూఫింగ్ సాధనాలు లేకపోతే అసలు తనిఖీయే జరగదు. మనమేమో ఒక్క తప్పూ లేకుండా రాశామని మురిసిపోతాం.

అందుకే కొత్త కంప్యూటరు ముందు కూర్చోగానే నేను చేసే మొదటి పని, ఉత్తరంలో కావాలని ఒక పిచ్చి మాట కొట్టడం. చేతికి వచ్చిన నాలుగైదు మీటలు నొక్కి స్పేస్ కొడతాను. బర్రుమంటే సరే. లేకపోతే లోపం ఎక్కడుందో వెతుకుతాను: నిఘంటువు దగ్గరా, గుర్తు దగ్గరా, ప్రొఫైలు దగ్గరా అని. ఇంగ్లిషులో ఒకసారి, తెలుగులో ఒకసారి.

పక్క గదిలో కంప్యూటర్లు ఆన్ చేసి ఉంచారు, ఇయర్‌ఫోన్లు ఎవరివి వాళ్లు పెట్టుకోండి. ముందు ఆ పిచ్చి మాటతో మొదలుపెడదాం. బర్రుమన్నవాళ్లు చేయెత్తకండి, నాకు కనిపించదు. పేరు చెప్పండి.