నెల్లూరు ఉక్కపోతకి ఏ తువ్వాలు తెచ్చుకోవాలి? మూడింటి రివ్యూ

నమస్కారమండీ. ఎండాకాలం సెలవులకి హైదరాబాదు నుంచో, కర్నూలు నుంచో మా నెల్లూరు, ఒంగోలు వైపు వస్తున్నారా? మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు చూసే ఆలోచన ఉందా? అయితే ఈ వీడియో చూశాకే బ్యాగు సర్దండి. ఇవ్వాళ రివ్యూ చేసేది మూడు తువ్వాళ్లు. ఇది టర్కీ టవలు, ఇది మైక్రోఫైబరు, ఇదిగో ఇది మగ్గం మీద నేసిన పల్చటి నూలు తువ్వాలు.

మీ ఊళ్లో నలభై డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. ఇక్కడ సముద్రం పక్కనే కదా, గాలి నిండా తేమే. చెమట ఆరదు, కారుతుంది. ఒంటి మీద చెమటే ఆరనప్పుడు దండెం మీద గుడ్డ మాత్రం ఎట్లా ఆరుతుందండీ? అందుకే నేను మెత్తదనం చూడను, రంగు చూడను. రాత్రి ఉతికితే పొద్దునకి ఆరిందా లేదా, అంతే.

మూడింటినీ ఒకే బకెట్లో తడిపి, గట్టిగా పిండి, గదిలో ఫ్యాను కింద ఆరేశాను. టర్కీ టవలు చూడండి, ఈ పోగుల ఉంగరాలన్నీ నీళ్లు పట్టుకునేవే. పొద్దున లేచి చూస్తే అంచులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. అట్లాగే మడిచి బ్యాగులో పెడితే మధ్యాహ్నానికి ముక్కవాసన. పైగా సగం బ్యాగు దానికే సరిపోతుంది.

మైక్రోఫైబరు అన్నింటికంటే ముందు ఆరింది. అది ఎక్కువగా పాలియెస్టరు. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో ఇంచుమించు 8 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టరు అర శాతం కూడా పట్టదు. కానీ చెమట పట్టిన మెడ మీద వేసుకుంటే చిరాకు, చెమట వాసన కూడా దాన్ని ఓ పట్టాన వదలదు. సముద్రంలో మునిగొచ్చి ఒళ్లు తుడుచుకోవడానికైతే బాగుంటుంది.

నూలు తువ్వాలు పల్చన కాబట్టి అసలు పట్టే నీళ్లే తక్కువ. పొద్దునకి ఆరిపోయింది. మెడ మీదికి, తలపాగాకి, తడిపి నెత్తిన వేసుకోవడానికి, బస్సు సీటు మీద పరుచుకోవడానికి, అన్నింటికీ పనికొస్తుంది. నా ఓటు దీనికే. మనిషికి రెండు పెట్టుకోండి, టర్కీది ఇంట్లోనే వదిలేయండి.

ఒక్క ముఖ్యమైన మాట. బీచ్ నుంచి రాగానే సముద్రపు నీళ్లలో తడిసిన ప్రతి గుడ్డనీ మంచినీళ్లలో జాడించాలి. ఆ ఉప్పు గాలిలోని తేమని లాగుతూనే ఉంటుంది, ఎంతసేపు ఆరేసినా గుడ్డ జిగటగానే ఉంటుంది.

మిగతా బట్టలకీ ఇదే లెక్క. జీన్సు వద్దు. వదులు నూలు చొక్కాలు, కాటన్ కుర్తాలు చాలు. బనీన్లు, డ్రాయర్లు మాత్రం రోజుకి రెండు జతలు మారేటట్టు పెట్టుకోండి. తడి లోబట్టలతో తిరిగితే తొడలు ఒరుసుకుపోతాయి, తామర మొదలవుతుంది. పిల్లలకైతే చెమటకాయలు. ఇది తేలిగ్గా తీసుకోవద్దండీ, సెలవులన్నీ గోక్కోవడంతోనే పోతాయి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉన్నవే కొనండి. లీటరు నీళ్లకని రాసి ఉంటే లీటరులోనే కలపాలి, అరలీటరు బాటిల్లో ప్యాకెట్ మొత్తం వంచేయకూడదు. కెమెరా ఉన్నవాళ్లు ఏసీ గదిలోంచి బయటికొచ్చాక ఓ అరగంట దాన్ని బ్యాగులోనే ఉంచండి, వెంటనే తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది.

ఆఖరిగా, కొత్త నేత తువ్వాలుకి గంజి ఉంటుంది, నీళ్లు పీల్చదు. బయల్దేరేముందే ఒకటి రెండు ఉతుకులు ఉతకండి. రంగుదైతే విడిగా నానబెట్టండి, తెల్లచొక్కాలతో కలపొద్దు.