ఆ అట్టపెట్టె కారు కాదంట

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి మైక్ వినపడుతోందా? సరే.

పిల్లల్లో క్రియేటివిటీ గురించి మాట్లాడమన్నారు, నేను ఒక అట్టపెట్టెతో మొదలుపెడతా. మా వాడికి అప్పుడు మూడున్నరేళ్ళు. ఇంటికి ఏదో పెద్ద సామాను వచ్చింది, సామాను మాకు, పెట్టె వాడికి. అందులో దూరి మూత మూసుకుని కూర్చున్నాడు, ఎంతకీ బయటికి రాడు, లోపల్నుంచి ఏవో చప్పుళ్ళు. నాకేమో చేతులు ఊరుకోవు, ఓహో కారు ఆట ఆడుతున్నాడు కాబోలు అనుకుని, వాడు మంచినీళ్ళకి లేచిన సందులో కత్తెర, టేప్ పట్టుకుని దిగిపోయాను. కిటికీలు కోశా, చక్రాలు అంటించా, ముందు నంబర్ ప్లేటు కూడా పెట్టా. భలే వచ్చింది, ఫోటో తీసి చుట్టాలందరికీ పంపించా కూడా. వాడొచ్చి ఒకసారి చూసి, పోయి సోఫాలో కూర్చున్నాడు. ఏరా కారు నచ్చలేదా అంటే "అది కారు కాదు నాన్నా, వాన" అన్నాడు. నాకర్థం కాలేదు. అప్పుడు నన్ను దగ్గరికి రమ్మని, పెట్టె మూత మీద వేళ్ళతో కొట్టి చూపించాడు, ముందు మెల్లగా, తర్వాత టపటపా, మళ్ళీ మెల్లగా. లోపల చీకట్లో కూర్చుని అలా కొడితే వాన పడుతున్నట్టే ఉంటుందంట. నేను కిటికీలు కోసేశాక ఇంక చీకటీ లేదు, వానా లేదు.

ఇవాళ నేను చెప్పేదంతా ఆ కత్తెర గురించే అనుకోండి.

2011లో ఎలిజబెత్ బోనవిట్జ్ అనే సైకాలజిస్టు, ఆవిడతో పాటు ఇంకొందరు కలిసి ఒక ప్రయోగం పబ్లిష్ చేశారు. చిన్నపిల్లలకి ఒక కొత్త రకం బొమ్మ ఇచ్చారు, అందులో దాక్కున్న సంగతులు చాలా ఉన్నాయి, ఒకచోట లాగితే కీచుమంటుంది, ఒకచోట లైటు వెలుగుతుంది, ఒకచోట మ్యూజిక్ వస్తుంది, ఒక గొట్టంలోకి చూస్తే అద్దం ఉంటుంది. కొందరికి టీచర్ లాగా "చూడు, ఇదెలా పనిచేస్తుందో చూపిస్తా" అని ఆ కీచుమనేది ఒక్కటే చూపించారు. ఇంకొందరి ముందు ఏదో పొరపాటున తగిలి కీచుమన్నట్టు నటించారు. టీచర్ లాగా చూపించినప్పుడు పిల్లలు ఆ కీచుమనేదే మళ్ళీ మళ్ళీ లాగారు, బొమ్మతో గడిపింది తక్కువ, కొత్తగా కనిపెట్టింది కూడా తక్కువే. వాళ్ళ లాజిక్ కరెక్టే కదండీ, ఇంకేమైనా ఉంటే పెద్దాయన చెప్పేవాడే, చెప్పలేదంటే లేదనేగా!

అలాగని ఏదీ చూపించకుండా వదిలెయ్యమని కాదు, కత్తెర ఎలా పట్టుకోవాలి, పొయ్యి దగ్గర ఎంత దూరంలో ఉండాలి, ఇవి చెప్పి తీరాలి. మూడేళ్ళ లోపు పిల్లల చేతికి నోట్లో పట్టేంత చిన్న వస్తువులు ఇవ్వకండి, బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు అయితే ఏ వయసు చిన్నపిల్లలకీ అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదకి వస్తుంది. నీళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా వదిలి వెళ్ళకండి. మిగతా వాటికి కాస్త ఆగండి అంటున్నా, అంతే.

ఇంక బొమ్మలు గీయడం. రెండేళ్ళప్పుడు గీతలే గీతలు, అందులో ఏనుగు ఎక్కడుందని వెతక్కండి, అప్పటికి వాళ్ళ సంబరమల్లా చెయ్యి కదిపితే గీత పడుతోందనే. మూడు నాలుగేళ్ళకి ఒక గుండ్రం, దానికి రెండు కళ్ళు, ఆ గుండ్రం నుంచే నేరుగా కాళ్ళు, అచ్చం తోకకప్పలాగా. ప్రపంచంలో చాలా చోట్ల పిల్లలు దాదాపు ఇలాగే మొదలుపెడతారు. మనం వెంటనే "పొట్ట ఏదమ్మా, చేతులేవి" అంటాం. ఆగండి, అదే వస్తుంది. "ఇదేంటి" అని కూడా అడగొద్దంటాను నేను, ఎందుకంటే అప్పటిదాకా అది ఏదీ కాకపోవచ్చు, మనం అడిగాం కాబట్టి పాపం ఏదో ఒక పేరు చెప్పేస్తారు. బదులుగా కళ్ళకి కనిపించింది చెప్పండి, "ఇక్కడ బాగా నొక్కి గీశావే", "ఈ మూలంతా నీలమే వాడావు". ఇంక కథ వాళ్ళే ఎత్తుకుంటారు, మీరు వింటే చాలు.

సూపర్, గ్రేట్, స్టార్ స్టిక్కర్, వీటి సంగతి కూడా చెప్పాలి. 1973లో మార్క్ లెపర్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు కలిసి బొమ్మలు గీయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా ఇచ్చారు, కొందరికి అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ళయ్యాక ఎవరూ ఏమీ అనకుండా స్కెచ్ పెన్నులు అక్కడ పెట్టి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళు గీసినంత సేపట్లో దాదాపు సగం సేపే గీశారు. ఊరికే ఇష్టంగా చేసేది కాస్తా డ్యూటీ అయిపోయింది. ఇది చదివాక మా ఇంట్లో స్టిక్కర్ చార్ట్ పీకేశాను, మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు, పళ్ళు తోముకోవడానికైనా ఉంచాల్సింది అంటుంది. ఆ మాటా నిజమే అనుకోండి, వాళ్ళకి ఎటూ ఇష్టం లేని పనికి స్టిక్కర్ వేరు.

రోజువారీ పనుల్లో ఏం చెయ్యాలి అని అందరూ అడుగుతారు. స్పెషల్‌గా కిట్లు కొననక్కర్లేదు. స్నానం దగ్గర ఒక గరాటు, చిల్లుల డబ్బా, రెండు సైజుల మగ్గులు పెట్టి ఊరుకోండి. బట్టలు మడతపెట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. మా చిన్నదానికి సాక్స్ జతలు కలపమని ఇస్తే ఒక పెద్ద సాక్సు, ఒక చిన్న సాక్సు కలిపి చుట్టింది, అన్నీ అలాగే. తప్పు అనబోయి నాలుక కరుచుకున్నా. ఎందుకలా అంటే "చిన్నవాటికి ఒంటరిగా ఉంటే భయం" అంది. అయిదు నిమిషాల పని ముప్పావుగంట పట్టింది, రోజూ మనకి అంత తీరిక ఉండదు, ఉన్న రోజే చెయ్యండి, ఆఫీసుకి లేటవుతున్న పొద్దున ఈ ప్రయోగాలు పెట్టుకోకండి.

బొమ్మల గురించి ఒక్క మాట. 2018లో వచ్చిన ఒక చిన్న స్టడీలో, రెండేళ్ళు అటూ ఇటూ ఉన్న పిల్లల్ని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, రకరకాలుగా ఆడారు. కాబట్టి సగం బొమ్మలు అటక మీద పెట్టెయ్యండి, నెలకోసారి మార్చండి. 1837లో జర్మనీలో ఫ్రోబెల్ అనే విద్యావేత్త చిన్నపిల్లల కోసం బడి పెట్టినప్పుడు ఇచ్చినవి కూడా ఉన్ని బంతులు, చెక్క దిమ్మలు లాంటివే, తర్వాత దానికే కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, అంటే పిల్లల తోట. ఇప్పుడు ఆ పేరు పెట్టుకుని హోంవర్కులు ఇస్తున్నాం, అది వేరే సంగతి.

"బోర్ కొడుతోంది" అంటే కంగారుపడి ఫోన్ చేతికిచ్చెయ్యకండి. ఒక పది నిమిషాలు గునుస్తారు, కాళ్ళకి అడ్డం పడతారు, మీకు చిరాకొస్తుంది, అది దాటితే ఏదో ఒకటి మొదలవుతుంది. ఇల్లు పాడవుతుంది, అవును, అందుకే ఒక మూల, ఒక పాత దుప్పటి వాళ్ళకి వదిలెయ్యండి, ఆ దుప్పటి దాటితే సర్దాల్సింది వాళ్ళే అని చెప్పండి.

చాలాసేపు మాట్లాడాను. ఆ పక్క గదిలో ఒక ఇరవై ఖాళీ అట్టపెట్టెలు పెట్టించాను, మీ పిల్లలు ఈపాటికి అక్కడే ఉన్నారు, చూసుకోవడానికి మావాళ్ళు ఇద్దరున్నారు. మీరు మాత్రం ఇంకో అరగంట ఇక్కడే కూర్చోండి, ప్రశ్నలుంటే అడగండి... అయ్యా, ఆ చివర లేచినాయన, మీరే, కూర్చోండి సార్, పిలవలేదు మిమ్మల్ని ఎవరూ.